వాణిజ్య పాఠం: అన్‌సీజను సరుకుకు పెట్టుబడి – వసంతకాలపు ఫుట్‌బాల్ లీగుల జమాఖర్చులు

గుంటూరు మిర్చి వర్తకులకు కొత్తగా చెప్పవలసిన పని లేదు. సీజనులో కొన్న సరుకును కోల్డ్ స్టోరేజీలో పెట్టి అన్‌సీజనులో అమ్మితే మంచి ధర పలకవచ్చు. కాని ఆ ధరలో నుంచి అద్దె, వడ్డీ, తరుగు తీసివేయగా మిగిలినదే లాభం. ధర పెరుగుతుందన్న అంచనా నిజమే అయినా, అంతవరకు ఆగే స్తోమతు లేనివాడు మధ్యలోనే సరుకు వదిలించుకొని నష్టపోతాడు. అమెరికాలో కొందరు పెట్టుబడిదారులు నలభై ఏళ్లుగా ఇదే పాఠాన్ని కోట్ల డాలర్లు పోసి నేర్చుకుంటున్నారు. అక్కడ సరుకు మిర్చి కాదు, ఫుట్‌బాల్ ఆట.

ఇది మన ఊళ్లలో ఆడే ఫుట్‌బాల్ కాదు. కోలబంతిని చేతబట్టి పరుగెత్తే అమెరికా ఆట. అక్కడ ఎన్.ఎఫ్.ఎల్. అనే పెద్ద లీగు సెప్టెంబరులో మొదలై ఫిబ్రవరిలో ముగుస్తుంది. తర్వాత ఆగస్టు దాకా ఆట వుండదు. ఆ ఖాళీలో, అంటే వసంతకాలంలో, మరో లీగు పెడితే సాగదా అన్నదే ఈ వ్యాపారానికి మూలమైన ఆలోచన.

గిరాకీ వున్నది

ఈ ఆలోచనను ఆచరణలోకి తెచ్చినవాడు న్యూ ఆర్లియన్స్‌కు చెందిన డేవిడ్ డిక్సన్ అనే వ్యాపారి. ఆయన చొరవతో యు.ఎస్.ఎఫ్.ఎల్. అనే లీగు 12 జట్లతో 1983 మార్చిలో మొదలైంది. మైదానానికి మొదటి సంవత్సరం సగటున సుమారు 25 వేల మంది వచ్చారు. ఎ.బి.సి. టెలివిజన్ రెండేళ్లకు 1 కోటి 80 లక్షల డాలర్లు, ఇ.ఎస్.పి.ఎన్. 1 కోటి 10 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పందం చేసుకున్నాయి. సరుకుకు గిరాకీ లేదని ఎవరూ అనలేరు.

ఇక లెక్క చూద్దాం. రెండు ఒప్పందాలూ కలిపి 2 కోట్ల 90 లక్షలు. ఏడాదికి సగటున 1 కోటి 45 లక్షలు. 12 జట్లకు పంచితే జట్టుకు సుమారు 12 లక్షల డాలర్లు. అదే కాలంలో ఎన్.ఎఫ్.ఎల్. 1982లో చేసుకున్న అయిదేళ్ల టెలివిజన్ ఒప్పందాల విలువ 200 కోట్ల డాలర్లకు పైమాటే. అక్కడి 28 జట్లలో ఒక్కొక్క దానికి ఏడాదికి 1 కోటి 40 లక్షలకు పైగా ముట్టేది. అంటే పాత దుకాణానికి కొత్త దుకాణం కంటె దాదాపు పన్నెండు రెట్ల ఆదాయం.

ఈ తేడా డిక్సన్‌కు తెలుసు. అందుకే జట్టు ఆటగాళ్ల జీతాలు మొత్తం 18 లక్షల డాలర్లు దాటరాదని ఆయన పథకం వేశాడు. జీతాలలో మూడింట రెండు వంతులు టెలివిజన్ సొమ్ముతో గడుస్తాయి. మిగతా ఖర్చులు టిక్కెట్ల అమ్మకంతో నెట్టుకురావాలి. కొన్నేళ్లపాటు నష్టం భరించి నిలబడితే దుకాణం స్థిరపడుతుందని ఆశ. ఈ పథకంలో తప్పు పట్టవలసినది పెద్దగా లేదు.

లెక్క ఎక్కడ తప్పింది?

పథకాన్ని పాటించవలసినవారే పక్కన పెట్టారు. మొదటి ఆట మొదలు కాకముందే న్యూజెర్సీ జట్టు హెర్షెల్ వాకర్ అనే కళాశాల ఆటగాణ్ణి భారీ జీతానికి కుదుర్చుకున్నది. ఒకరు ధర పెంచితే వేలంపాటలో రెండోవాడు ఊరుకోడు. 1984లో లాస్ ఏంజెలెస్ జట్టు స్టీవ్ యంగ్‌తో 4 కోట్ల డాలర్ల ఒప్పందం ప్రకటించింది. అందులో అధిక భాగం దశాబ్దాల తరబడి వాయిదాలలో చెల్లించవలసినదే అయినా, అదే ఏడాది ఆ జట్టు యజమాని ఆర్థికంగా కుప్పకూలి, జట్టు భారం లీగు నెత్తిన పడింది.

రెండో తప్పు విస్తరణ. 1984లో జట్ల సంఖ్య 18కి పెరిగింది. కొత్తవారు చెల్లించిన ప్రవేశ రుసుము పాతవారి నష్టాలకు ఆసరా అయింది. కాని అది ఒక్కసారి వచ్చే మూలధనపు జమ. ఏటేటా వచ్చే ఆదాయం కాదు. టెలివిజన్ సొమ్ము మాత్రం ముందుగా నిర్ణయమైనదే. ఆ సగటు 1 కోటి 45 లక్షలను 18తో భాగిస్తే జట్టుకు 8 లక్షలే వస్తుంది. దుకాణాలు పెరిగాయి, ఒక్కొక్క దుకాణం ఆదాయం తగ్గింది. 1985 నాటికి 14 జట్లే మిగిలాయి.

మూడో తప్పు అన్నింటికంటె పెద్దది. 1984 ఆగస్టులో యజమానులు వసంతాన్ని వదిలి 1986 నుంచి శరదృతువులో, ఎన్.ఎఫ్.ఎల్.కు ఎదురుగా ఆడాలని తీర్మానించారు. పెద్ద లీగు తమను కలుపుకోక తప్పదన్నది కొందరి ఆశ. న్యూజెర్సీ జట్టు యజమాని, తర్వాతి కాలంలో అమెరికా అధ్యక్షుడైన డొనాల్డ్ ట్రంప్ ఈ మార్పును గట్టిగా బలపరిచాడు. అయితే మూడు పెద్ద టెలివిజన్ సంస్థలూ ఎన్.ఎఫ్.ఎల్.తో ఒప్పందాలలో వున్నాయి. శరదృతువులో వీరి సరుకు కొనేవారే లేకపోయారు. ఖాళీ బజారు వదిలి, నిండు బజారులో పెద్ద షావుకారు ఎదుట గంప దింపినట్లయింది.

కోర్టులో మూడు డాలర్లు

చివరి ఆశ గుత్తాధిపత్య నిరోధక చట్టం కింద వేసిన దావా. 1986 జూలై 29న న్యూయార్కులో జ్యూరీ తీర్పు చెప్పింది. ఎన్.ఎఫ్.ఎల్. గుత్తాధిపత్యం చేసిన మాట నిజమేనన్నది. నష్టపరిహారం మాత్రం ఒక్క డాలరు. చట్టం ప్రకారం అది మూడింతలై మూడు డాలర్లయింది. మూడేళ్లలో లీగు పోగొట్టుకున్నది 16 కోట్ల డాలర్లకు పైగా వుంటుందని అంచనా. వ్యాజ్యంలో గెలిచినవాడు ఇంటికి పోయి ఏడ్చాడన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజమైంది.

తర్వాత వచ్చినవారు

2001లో ఎక్స్.ఎఫ్.ఎల్. వచ్చింది. కుస్తీ పోటీలు నడిపే సంస్థ, ఎన్.బి.సి. టెలివిజన్ సగం సగం భాగస్వాములు. మొదటి రాత్రి ప్రేక్షకులు విరగబడి చూశారు. కొన్ని వారాలకే సంఖ్య పడిపోయింది. ఒకే సీజనుతో మూతపడి, ఒక్కొక్కరికి సుమారు 3 కోట్ల 50 లక్షల డాలర్ల నష్టం మిగిల్చింది. ప్రారంభోత్సవం నాటి రద్దీని నిలకడైన గిరాకీగా లెక్క కట్టరాదు.

2019 ఫిబ్రవరి 9న మొదలైన ఎ.ఎ.ఎఫ్. లీగు కథ ఇంకా చిన్నది. ఆరంభంలోనే నగదుకు కటకట ఏర్పడగా ఒక మదుపుదారు 25 కోట్ల డాలర్లు పెడతానన్నాడు. సుమారు 7 కోట్లు పెట్టిన తర్వాత ఏప్రిల్ 2న ఆటలు నిలిపివేశారు. దివాలా పిటిషను ప్రకారం ఆస్తులు 1 కోటి 13 లక్షల డాలర్లు, అప్పులు 4 కోట్ల 83 లక్షలు, చేతిలో నగదు 5 లక్షల 36 వేలు మాత్రమే. వాగ్దానం చేసిన మూలధనం వేరు, చెల్లించిన మూలధనం వేరు అని కామర్స్ విద్యార్థులు చదువుకునే పాఠం ఇదే.

2020లో తిరిగి వచ్చిన ఎక్స్.ఎఫ్.ఎల్. అయిదు వారాల తర్వాత కోవిడ్‌తో ఆగి దివాలా తీసింది. నటుడు డ్వేన్ జాన్సన్, ఆయన భాగస్వాములు దానిని 1 కోటి 50 లక్షల డాలర్లకు కొన్నారు. 2022లో ఫాక్స్ టెలివిజన్ పాత యు.ఎస్.ఎఫ్.ఎల్. పేరుతో 8 జట్ల లీగు పెట్టి, ప్రయాణపు ఖర్చులు మిగిలేలా లీగు దశ మ్యాచ్‌లన్నీ బర్మింగ్‌హామ్ నగరంలోనే ఆడించింది. ఆటగాడి జీతం వారానికి 4,500 డాలర్ల చొప్పున 10 వారాలకు 45 వేలు. జట్టుకు 40 మంది అనుకుంటే సరిగ్గా 18 లక్షల డాలర్లు! నాటి డాలరు విలువలో నేటిది మూడో వంతే అయినా, నలభై ఏళ్ల తర్వాత డిక్సన్ అంకెకే తిరిగి వచ్చారన్నమాట.

ఈ రెండూ కలిసి 2024 మార్చి 30న 8 జట్లతో యు.ఎఫ్.ఎల్.గా మొదలయ్యాయి. 2025లో మూడు జట్లను పెద్ద స్టేడియాల నుంచి ఇతర నగరాలలోని చిన్న మైదానాలకు మార్చే నిర్ణయం ప్రకటించారు. గోదామును సరుకుకు తగినంతకు కుదించుకోవడం మంచి సూచనే. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. ఆటను ప్రసారం చేసే టెలివిజన్ సంస్థే లీగులో వాటాదారు అయినప్పుడు, అది చెల్లించే హక్కుల ధర బజారులో పలికిన ధర కాదు. ఎడమ జేబులోంచి కుడి జేబులోకి మార్చిన పద్దు. ఆ సంస్థ ఆసక్తి తగ్గిన నాడు అసలు ధర తెలుస్తుంది.

వర్తకులు అడగవలసినవి

ఏ అన్‌సీజను వ్యాపారంలో వాటా అడిగినా నాలుగు ప్రశ్నలు వేయవలసి వుంటుంది. బయటివాడు ముందుగా ఒప్పుకున్న కొనుగోలు ఎంత? స్థిర ఖర్చులలో దానితో గడిచేది ఎంత? ప్రకటించిన పెట్టుబడిలో బ్యాంకులో జమ అయినది ఎంత? నష్టాలలోనే మూడు సీజన్లు గడిస్తే భాగస్వాములందరూ జీతాల హద్దుకు కట్టుబడి నిలబడగలరా?

వసంతకాలపు ఫుట్‌బాల్‌కు గిరాకీ లేక దివాలా తీసినవారి కంటె, ఆ గిరాకీ పండేవరకు ఆగే స్తోమతు, ఓపిక లేక తీసినవారే ఎక్కువ. చిన్నగా మొదలుపెట్టి, చిన్నగానే వుండడానికి సిద్ధపడినవారికి ఈ బజారులో చోటు వున్నది. పెద్ద షావుకారుతో సరితూగాలని అప్పు చేసి కొట్టు పెంచినవారికి మాత్రం ఇంతవరకు లేదు.