గొరిల్లాను చూడకుండా వచ్చాను

రువాండాలోని కినిగి గ్రామంలో ఉన్నాను. తెల్లవారితే పర్వత గొరిల్లాలను చూడటానికి అడవిలోకి కొండెక్కాలి. అనుమతికి 1,500 డాలర్లు కట్టేశాను. తీరా రాత్రికి జలుబు పట్టుకుంది. "నాలుగు తుమ్ములేగా, చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది?" అంది మనసు.

కాని విషయం అంత చిన్నది కాదు. గొరిల్లా జన్యువులు మన జన్యువులతో దాదాపు 98 శాతం కలుస్తాయి. అంచేత మన జలుబు దానికీ అంటుకుంటుంది. అలవాటు లేని ఆ శరీరంలో న్యుమోనియాగా ముదిరి ప్రాణం తీయనూవచ్చు. అందుకే ఒక్కో గుంపు దగ్గరికి రోజుకు ఎనిమిదిమంది యాత్రికులనే, ఒక్క గంటసేపే, దూరంగా నిలబెట్టి చూపిస్తారు.

విరుంగా కొండల్లో 1981లో సుమారు 250 మాత్రమే మిగిలిన ఈ జీవులు 2015-16 లెక్కకు 604 అయ్యాయి. ఈ పెరుగుదలలో యాత్రికుల సొమ్ముకూ పాత్ర ఉంది. అడవి కాపలాకు, చుట్టుపక్కల ఊళ్ళకు అందులోంచే ఖర్చు పెడతారు. అంటే కాపాడేదీ యాత్రికుడే, ముప్పు తెచ్చేదీ యాత్రికుడే!

పొద్దున్నే గైడుకు నిజం చెప్పేశాను. మిగతావాళ్ళు కొండెక్కారు, నేను కిందే ఉండిపోయాను. అంత దూరం పోయి చూడకుండా వచ్చావా అని ఇంట్లో ఇప్పటికీ దెప్పుతూనే ఉంటారు.