షుగరు వ్యాధిగలవారు – పాదముల సంరక్షణ



మార్కండి తీరమున బ్రతుకు పాదముల మీదనే నడుచును. పడవ నెట్టుటకు, వల లాగుటకు, తట్ట నెత్తిన పెట్టుకొని అమ్మకమునకు వెళ్ళుటకు పాదములే ఆధారము. అందుచేత ఈ పాఠములో షుగరున్నవారి పాదములను గూర్చి నేర్చుకొందము. 2023లో ప్రచురింపబడిన భారత వైద్య పరిశోధనా మండలి సర్వే ప్రకారము మన దేశములో సుమారు 10 కోట్ల మందికి ఈ వ్యాధి కలదు.

పాదమునకే ఎందుకు?

రక్తములో చక్కెర చాలా కాలము ఎక్కువగా ఉన్నయెడల నరములు దెబ్బతినును. మొదట తిమ్మిరి, మంట. తరువాత స్పర్శయే తెలియదు. రక్తనాళములు సన్నబడుట వలన గాయము త్వరగా మానదు. చేపముల్లు గ్రుచ్చుకొన్నను, ఎండకు కాగిన ఇసుకలో అరికాలు బొబ్బలెక్కినను తెలియదు. చీము పట్టి ఎముకవరకు పోయినయెడల కాలు తీసివేయవలసి రావచ్చును.

నొప్పి లేదు గనుక ప్రమాదము లేదని మనము తలంచుదుము. అది సరికాదు. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ గారు కుష్ఠు రోగుల పాదములను పరిశీలించి, నొప్పి తెలియనందున తగులు దెబ్బలే అనేక పుండ్లకు కారణమని గ్రహించిరి. తరువాత అమెరికాలో షుగరు రోగుల పాదములకును ఆ పాఠమునే అన్వయించిరి.

ప్రతిదినము చేయవలసినవి

1. రాత్రి దీపము వెలుగులో అరికాళ్ళు, వ్రేళ్ళ సందులు చూడవలెను. వంగలేనివారు అద్దము పెట్టుకొనవలెను, లేక ఇంటివారిచేత చూపించుకొనవలెను.
2. సముద్రమునుండి రాగానే మంచినీటితో కడిగి, వ్రేళ్ళ సందులు పొడిగా తుడవవలెను. కొబ్బరినూనె పాదమునకు రాయవచ్చును, సందులలో వద్దు.
3. ఇంటిలోనైనను వట్టి కాళ్ళతో నడువరాదు. చెప్పులు తొడుగుకొనుటకు ముందు లోపల చేతితో తడిమి చూడవలెను. క్రొత్తవి సాయంకాలమున కొనవలెను. అప్పటికి పాదము కొంచెము ఉబ్బియుండును.
4. గోళ్ళు తిన్నగా కత్తిరించవలెను. ఆనెకాయలను బ్లేడుతో కోయరాదు.
5. వేడినీళ్ళ కాపడము పెట్టరాదు. బీడీ, చుట్ట మానవలెను.

గాయమైనయెడల

శుభ్రమైన నీటితో కడిగి, శుభ్రమైన గుడ్డ కట్టి, ఆ కాలిమీద బరువు వేయక ఆ దినమే డాక్టరుకు చూపించవలెను. సున్నము, పొగాకు, పసరు పెట్టరాదు. వాపు, ఎరుపు, దుర్వాసన, నలుపు, జ్వరము కనబడినయెడల ఆలస్యము చేయక బరంపురము పెద్దాసుపత్రికి, అనగా 1962లో స్థాపింపబడిన మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల ఆసుపత్రికి తీసికొని వెళ్ళవలెను. గాయము లేకున్నను సంవత్సరమునకు ఒక్కసారియైనను పాదముల స్పర్శ, రక్తప్రసరణ పరీక్ష చేయించుకొనవలెను.

ఒక దినపు వేట పోయినయెడల మరునాడు తిరిగి దొరకును. కాలు పోయినయెడల దొరకదు. పనికొరకు దూరప్రాంతములకు వెళ్ళు మనవారు మందులు, మంచి చెప్పులు వెంట తీసికొని వెళ్ళవలెను. ఇంట షుగరున్న పెద్దల పాదములను ఈ రాత్రియే చూచెదము గాక.