ఖాళీ గుల్ల, నిండు గుల్ల

తెలుగులో "గుల్ల" అను మాటకు రెండర్థములు గలవు. సముద్రతీరమున దొరకు చిప్పలను, శంఖములను గుల్లలందుము. లోపల ఏమియు మిగులక డొల్లయైన దానిని కూడ గుల్ల అందుము. దొంగలు దోచిన ఇంటిని గూర్చి "ఇల్లు గుల్లయైనది" అని చెప్పుకొందుము. అయితే సముద్రపు గుల్లలన్నియు లోపల గుల్లగా ఉండవు. కొన్నిటిలో ప్రాణి ఇంకను కాపురముండును. చేతికి దొరికినదెల్ల మనదేనా అను ప్రశ్న ఇక్కడనే పుట్టును. ప్రియ చదువరులారా, ఈ పాఠములో దూరదేశపు తీరమొకదానిని ఆధారము చేసికొని ఆ ప్రశ్నను పరిశీలింతము.

1. ద్వీపములు, సాయంకాలపు పడవ

అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రపు నైరుతి తీరమున, మెక్సికో సింధుశాఖ అంచున, సానిబెల్, కాప్టివా, నార్త్ కాప్టివా, కాయో కోస్టా అను ద్వీపములు వరుసగా నున్నవి. ఇవి లీ కౌంటీకి చెందినవి. ఆ తీరమందలి ద్వీపములు సాధారణముగా ఉత్తర దక్షిణములుగా సాగియుండగా, సానిబెల్ మాత్రము తూర్పు పడమరలుగా వంగియున్నది. కావున దక్షిణపు అలలు మోసికొనివచ్చు గుల్లలు దాని ఒడ్డున చేటలో గింజలవలె నిలిచిపోవును. వాటిని ఏరువారు నడుము వంచి నడచుట అక్కడ ఎంత వాడుకయనగా, ఆ భంగిమకు "సానిబెల్ వంపు" అనియే పేరు కలిగెను.

సానిబెల్‌కు 1963లో వంతెనల దారి ఏర్పడెను. నార్త్ కాప్టివాకును కాయో కోస్టాకును నేటికిని సాధారణముగా పడవమీదనే పోవుదురు. అందుచేత సాయంకాలమున యాత్రికులను ఎక్కించుకొని లాంచీలు బయలుదేరును. నీరు తీసిన ఆటు సమయమున ఇసుక మేటలు బయటపడును గనుక గుల్లలు ఏరుటకు అదియే మంచి వేళ. ఏ మొగలో లోతు చాలును, ఏ మేటమీద పడవ తట్టుకొనును అను సంగతి మార్గదర్శికే తెలియును. యాత్రికులు ఒడ్డున కొంతసేపు ఏరుకొని, పొద్దుగ్రుంకు వేళకు తిరిగి పడవ ఎక్కుదురు. మన కోస్తావారికి సూర్యుడు సముద్రములోనుండి లేచి భూమివైపున అస్తమించును. అక్కడ నీటిలోనే మునుగును. మన తెలుగు కుటుంబములు అనేకము నేడు ఆ దేశమున నివసించుచున్నవి గనుక, బిడ్డలను చూడబోయిన పెద్దలకును ఇట్టి ప్రయాణము తటస్థింపవచ్చును.

2. గుల్ల ఒక ఇల్లు

గుల్ల రాయి కాదు. మెత్తని దేహముగల జీవి తన చర్మపు పొరనుండి స్రవించు సున్నపు పదార్థముతో దానిని కట్టుకొనును. జీవి పెరిగినకొలది గుల్ల అంచున క్రొత్త వరుస చేర్చును. పుట్టిన ఇంటినే జీవితాంతము పెంచుకొనునుగాని వేరొక ఇంటికి మారదు. అది చనిపోయిన పిమ్మటనే గుల్ల ఖాళీయగును. అప్పుడును దాని పని ముగియదు. ఒక జాతి పీత తన మెత్తని కడుపును దాచుకొనుటకు ఆ ఖాళీ గుల్లలో దూరి కాపురముండును. ఒడలు పెరిగినప్పుడు దానిని విడిచి పెద్ద గుల్లను వెదకికొనును. మిగిలినవి అలల తాకిడికి నలిగి ఇసుకలో కలియును. మన కోస్తాలో గుల్లలు కాల్చి చేసిన గుల్లసున్నముతో పూర్వులు గోడలు కట్టిరని అందరికిని తెలిసినదే.

కావున ఏరువాడు మొదట లోపల చూడవలెను. గుల్ల నోటికి గట్టి మూత బిగిసియున్నను, లోపల మెత్తని కండ కనబడినను, పీతకాళ్లు కదలినను అది నిండు గుల్ల. సాండ్ డాలర్ అను బిళ్లవంటి ప్రాణి తెల్లగా నున్నగా నుండినచో చనిపోయినది. గోధుమరంగుతో సన్నని నూగుకలిగియుండినచో బ్రతికియున్నది.

3. చట్టము గీసిన గీత

సానిబెల్‌లో 1995 నుండి బ్రతికియున్న గుల్లలను తీసికొనిపోవుట నిషేధింపబడెను. 2002లో ఈ నియమము లీ కౌంటీ అంతటికిని వర్తించెను. ఆహారమునకై పట్టు కొన్ని రకములకు మాత్రము మినహాయింపు కలదు. ఖాళీ గుల్లలను ఏరుకొనుటకు అభ్యంతరము లేదు. మన దేశములోను 2001లో కొన్ని శంఖజాతులు వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రిందికి చేర్చబడెను.

ఇందులో ఒక చిక్కు కలదు. ఎండకును అలలకును గురియైన ఖాళీ గుల్ల వన్నె తగ్గి అంచులరిగియుండును. మెరయుచు, చెక్కుచెదరక, అందరి కన్నులను ఆకర్షించు గుల్లయే తరచుగా ప్రాణముతోనున్న గుల్ల. మనుమరాలు దానిని రెండు చేతులతో పట్టుకొని, "తాతయ్యా, ఎంత బాగున్నదో చూడు" అనును. ఆ క్షణమున తాతగారు ఏమనవలెను?

"ఇది ఒక్కటే గదా" అని కొందరందురు. ఆనాడు ఆ పడవ దిగిన ప్రతివాడును అదే మాట అనవచ్చునని వారు తలంపరు. మరికొందరు, "తుపాను ఒడ్డున పడవేసినది, ఎట్లును చచ్చునదే" అందురు. 2022 సెప్టెంబరు 28న ఇయన్ అను తుపాను కాయో కోస్టా వద్దనే తీరము దాటి సానిబెల్ వంతెనల దారిని తెంచివేసెను. అట్టి తుపానుల తరువాత బ్రతికియున్న గుల్లలు ఒడ్డుకు కొట్టుకొనివచ్చుట కలదు. అయినను వాటిలో కొన్ని రాబోవు పోటుతో సముద్రమునకు తిరిగి చేరును; కొన్ని పక్షులకు ఆహారమగును. మన అలమారలో చేరుటకంటె ఈ రెండును మేలు.

బేరము కూడ ఈ గీతను దాటించును. శంఖపు మొనను పైకి, నోరు మనవైపునకు పెట్టి చూచినయెడల ఎక్కువ జాతులకు నోరు కుడివైపున నుండును. లైట్నింగ్ వెల్క్ అను అమెరికా శంఖమునకు ఎడమవైపుననే యుండుట సహజము. మన దేశపు శంఖములో ఇట్టిది మిక్కిలి అరుదు. దానినే దక్షిణావర్త శంఖమని గొప్పగా ఎంచుదురు. అందుచేత ఆ అమెరికా శంఖమునే దక్షిణావర్తమని చెప్పి మన బజారులలో అమ్ముట జరుగుచున్నది.

4. రెండు హద్దులు

ఈ విషయమునకు లేఖనములలో దగ్గరి పోలిక కలదు. పక్షిగూడు కనబడినప్పుడు పిల్లలతోకూడ తల్లిని పట్టుకొనరాదను నియమము ద్వితీయోపదేశకాండము 22:6, 7లో చూతుము. పంట కోయునప్పుడు పొలము అంచులవరకు కోయరాదను నియమము లేవీయకాండము 19:9, 10లో చూతుము. ఈ రెండును తీసికొనుటను నిషేధింపలేదు. తీసికొనువాని చేతికి హద్దు పెట్టినవి. మొదటిది ఏమి తీసికొనవచ్చునో తెలుపును. రెండవది ఎంత తీసికొనవచ్చునో తెలుపును. గుల్లలు ఏరువానికిని ఈ రెండు హద్దులు చాలును. ప్రాణమున్నది ముట్టరాదు, ఖాళీవైనను సంచినిండ నింపుకొనరాదు, ఏలయనగా రేపటి పీతకు ఇల్లు కావలెను.

తాతగారు మనుమరాలిని కోపపడనక్కరలేదు. ఆమెతోకూడ నీటివరకు నడచి, గుల్లను విసరివేయక, దొరికిన చోటనే మెల్లగా ఉంచనిచ్చి, అది కదలువరకు ఆమె ప్రక్కన నిలిచి చూచిన చాలును. ఆ పాప వట్టి చేతులతో పడవ ఎక్కినను నష్టపోయినది కాదు.

ఆలోచించుటకు:

1. మన చేతికి సులభముగా దొరకు వస్తువులలో, "లోపల" చూడక తీసికొనునవి ఏవి?
2. "ఇది ఒక్కటే గదా" అని మనము చెప్పుకొను సందర్భములు ఏవి? అందరును అట్లే అనినయెడల ఏమగును?
3. చట్టము లేని చోట, ఎవరును చూడని వేళ, మన చేతికి హద్దు పెట్టునది ఏది?