కటుకరోహిణి వేరు, హెలిబోర్ వేరు

కటుకరోహిణి మన వైద్యంలో పేరెన్నికగన్న చేదు మూలిక. కామెర్లలోను, జ్వరాలలోను వైద్యులు దీనిని వాడుతారు. ఆరోగ్యవర్ధనీ వటిలో ప్రధాన ద్రవ్యం ఇదే. అయితే పూర్వపు కొన్ని సంస్కృతాంగ్ల నిఘంటువులు దీనికి ‘బ్లాక్ హెలిబోర్’ అని అర్థం వ్రాశాయి. ఈ అర్థం సరియైనది కాదు. ఇంగ్లండు, అమెరికా వంటి చలిదేశాలలో హెలిబోర్ ఇంటితోటల మొక్క. అక్కడ నివసించే మన బంధువులెవరైనా నిఘంటువును నమ్మి, పెరటిలోని ఆ వేరుతో కషాయం కాచుకొంటే ప్రాణాపాయం కలుగవచ్చు. అందుచేత ఈ రెండింటి భేదాన్ని వివరించదలచాను.

రెండింటి వేళ్లూ నల్లనివి, చేదైనవి, విరేచనకారులు. ఈ పోలికే పొరపాటుకు మూలమని నా అభిప్రాయం.

గుర్తించు విధము

కటుకరోహిణి హిమాలయాలలో, సుమారు 3000 మీటర్లకు పైన పెరుగుతుంది. నేలను అంటి ప్రాకే దుంప, అంచున రంపపు పండ్లు గల చిన్న ఆకులు, కంకిగా పూసే నీలిరంగు పూలు దీని లక్షణాలు.

హెలిబోర్ జన్మస్థానం ఐరోపా, పశ్చిమాసియా ప్రాంతాలు. ఇది వత్సనాభి కుటుంబానికి చెందినది. ఆకులు దళసరిగా, చేతివ్రేళ్లవలె చీలి ఉంటాయి. నల్ల హెలిబోర్ పువ్వు తెల్లగా ఉంటుంది. నలుపన్నది వేరును బట్టి వచ్చిన పేరు. చలికాలంలో పూయడం వలన దీనిని ‘క్రిస్మస్ రోజ్’ అంటారు గాని, ఇది గులాబీ కాదు. రేకులవలె కనిపించే అయిదూ నిజానికి రక్షకపత్రాలు. కనుకనే గింజ కట్టిన తరువాత కూడ అవి రాలక నిలిచి ఉంటాయి.

పెంపకము

మన మైదానాల ఎండకు ఈ మొక్క తగినది కాదు. చలిదేశాలలో ఆకురాల్చు చెట్ల క్రింద, కొద్దిపాటి నీడలో, ఆకుల ఎరువు కలిసి నీరు నిలువని నేలలో నాటాలి. మొదలును లోతుగా పూడ్చరాదు. పూమొగ్గలు తలయెత్తే వేళ పాత ఆకులను, నల్లమచ్చలు పడిన ఆకులను కత్తిరించి పారవేయాలి. గింజలు నిలువ ఉంచక, పండిన వెంటనే విత్తడం మంచిది.

జాగ్రత్తలు

ఈ మొక్క సర్వాంగాలూ విషమే. రసము తగిలితే చర్మం మండి, పొక్కవచ్చు. కాబట్టి చేతి తొడుగులు లేకుండా ముట్టరాదు. కడుపులోనికి పోతే వాంతులు, విరేచనాలు కలుగుతాయి. గుండె లయ తప్పవచ్చు. అప్పుడు ఇంటి చిట్కాలతో కాలయాపన చేయరాదు. ఉప్పునీరు త్రాగించి వాంతి చేయించరాదు. మొక్క ముక్కను వెంట తీసుకొని వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పసిపిల్లలు, పెంపుడు జంతువులు తిరిగే చోట దీనిని నాటకుండుటయే మేలు.

కటుకరోహిణి కావలసినవారు ఆంగ్ల నామాన్ని బట్టి కాక, ‘పిక్రోరైజా కురోవా’ అనే శాస్త్రీయ నామాన్ని సరిచూచుకొని, నమ్మకమైన అంగడిలో కొనవలెను. మోతాదును వైద్యుడే నిర్ణయించాలి. హెలిబోర్ పూలు కంటికి ఇంపైనవే. వాటి అందాన్ని తోటలోనే చూచి ఆనందించాలి, వేరును వంటింటిలోనికి రానీయరాదు.