పరిచయపు బాటను నడచు సువార్త

చదువవలసిన వాక్యభాగములు: యోహాను 1:35–51, యెహెజ్కేలు 3:10–15, 1 థెస్సలొనీకయులకు 2:1–12



సువార్త చెప్పుట అనగానే మన సంఘములలో అనేకులకు పందిరియు, మైకును, దూరమునుండి వచ్చిన ప్రసంగీకుడును జ్ఞాపకమునకు వచ్చును. అవి వద్దని మేము చెప్పము. అట్టి కూటములలో మారుమనస్సు పొందినవారు మన మధ్య ఉన్నారు. అయితే ఈ మాసము మన పాఠము పందిరి అక్కరలేని సువార్త పనిని గూర్చినది. ఆ పని పిల్లలు మొదలు ముసలివారివరకు ఎవరైనను చేయగలరు.

అంద్రెయ ఒక దినము ప్రభువుతో గడపెను. వెంటనే అతడు చేసిన పని తన సహోదరుడైన సీమోనును వెదకి తోడుకొని వచ్చుట. అతడు ప్రసంగము చేసినట్లు నాలుగు సువార్తలలో ఎక్కడను వ్రాయబడలేదు. అయినను యోహాను సువార్తలో అతడు ముమ్మారు ఎవరినో ఒకరిని ప్రభువునొద్దకు తెచ్చుట చూచుచున్నాము. మొదట తన అన్నదమ్ముని, తరువాత అయిదు రొట్టెలు గల చిన్నవానిని (6:8–9), ఆ తరువాత ఫిలిప్పుతో కలిసి గ్రీసు దేశస్థుల మనవిని (12:20–22). ఫిలిప్పుకూడ నతనయేలును అట్లే వెదకెను. నతనయేలు నజరేతు ఊరిని చులకనగా మాటలాడినప్పుడు ఫిలిప్పు వాదమునకు దిగక, వచ్చి చూడుమని పిలిచెను. ఇట్లు పిలువవలెనన్న ముందుగా స్నేహము ఉండవలెను గదా. ఎరుగనివాడు పిలిచినచో ఎవరు వత్తురు?

మన తెలుగు దేశములోనే ఇందుకు గొప్ప సాక్ష్యము కలదు. తెలుగువారి మధ్య బాప్టిస్టు మిషను 1836లో ఆరంభమైన పిమ్మట సుమారు ముప్పది సంవత్సరములు సంతలలోను, వీధులలోను బోధ జరిగెను గాని విశ్వసించినవారు కొద్దిమందియే. ఆ విత్తనము వ్యర్థమని మేము అనము. అప్పుడు ఎర్రగుంట్ల పేరయ్య అను తోళ్ళ వ్యాపారి, మాదిగ కులమువాడు, వ్యాపారము నిమిత్తము ఉత్తరముగా వెళ్ళి క్రీస్తును గూర్చి వినెను. 1866లో అతడును అతని భార్యయు జూవెట్ దొరగారిచేత బాప్తిస్మము పొందిరి. పేరయ్య తన ఊరికి తిరిగి వచ్చి చుట్టములకును, వ్యాపారములో తాను ఎరిగిన పల్లెలవారికిని తాను కనుగొన్నదానిని చెప్పెను. మరుసటి యేడు జనవరిలో క్లౌ దొరగారు ఆ ఊరికి వెళ్ళి గుడారము వేయునప్పటికే జనులు సిద్ధముగానుండిరి. చుట్టుప్రక్కల పల్లెలనుండి వచ్చి, కొన్ని దినములు అక్కడనే యుండి బోధ వినిరి. వారిలో 28 మంది బాప్తిస్మము పొందిరి. ఆ నెల ఒకటవ తేదీన ఒంగోలులో సంఘము ఏర్పడినప్పుడు సభ్యులు 8 మందియే యుండిరని జ్ఞాపకము చేసికొనుడి. దొరగారికి బండి బాట దొరికెను గాని, పేరయ్యకు అంతకుముందే చుట్టరికపు బాట యుండెను.

తరువాత 1876–78 సంవత్సరముల కరవు వచ్చెను. క్లౌ దొరగారు పూర్వము భూమి కొలతల పని చేసినవారు గనుక, బకింగ్‌హాము కాలువలో సుమారు మూడు మైళ్ళ త్రవ్వకమును కంట్రాక్టుగా తీసికొని ఆకలిగొన్నవారికి కూలి చూపిరి. తమ బోధకులను పనివారిమీద మేస్త్రీలుగా ఉంచిరి. పని ఆగిన వేళ ఆ బోధకులు కూలివారి నడుమ కూర్చుండి, ప్రయాసపడి భారము మోయువారిని ప్రభువు పిలిచిన పిలుపును (మత్తయి 11:28) వారికి చెప్పుచుండిరి. నెత్తిమీద మట్టి తట్ట మోసినవానికి ఆ వాక్యము వివరించుటకు వ్యాఖ్యానము కావలెనా? చెప్పువాడు ఉదయమునుండి ఆ యెండలోనే తమతో నిలిచియున్నవాడు.

ఇందులో మరియొక సంగతి మనము శ్రద్ధగా గమనింపవలెను. ఆ కరవు కాలములో సుమారు 15 నెలలు ఎవరికిని బాప్తిస్మము ఇయ్యలేదు. గంజి కొరకును కూలి కొరకును వచ్చి చేరిరను మాట రాకూడదని క్లౌ దొరగారు వారిని ఆపిరి. సహాయపు పని ముగిసిన తరువాతకూడ జనులు వచ్చుట మానలేదు. 1878 జూలై 3వ తేదీన ఒంగోలుకు ఉత్తరమున వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ యేటిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా నీళ్ళలో దిగి ఇచ్చిరి. ఆ సంఖ్యను మనము తరచుగా చెప్పుకొందుము. దానికి ముందున్న 15 నెలలను అంతగా చెప్పుకొనము. మా మట్టుకు ఆ నెలలే పెద్ద పాఠము. మేలు చేయుట ప్రేమవలన చేయవలెను, గాలమునకు ఎరగా కాదు. పొరుగువాడు మన గుడికి ఎన్నటికిని రాకపోయినను, అతని పాకకు నిప్పంటుకొన్న రాత్రి బిందెతో పరుగెత్తవలసినదే.

ఇక పరామర్శను గూర్చి. చెరపట్టబడినవారియొద్దకు యెహెజ్కేలు పోయినప్పుడు, వారు కూర్చున్న చోటనే కూర్చుండి ఏడు దినములు మాటలాడక యుండెను. యెహోవా వాక్కు ఆ తరువాతనే అతనికి మరల వచ్చెను. యోబు స్నేహితులుకూడ ఏడు దినములు నేలమీద మౌనముగా కూర్చుండిరి (యోబు 2:13). వారు చేసిన మంచిపని అదియే. నోరు తెరచిన తరువాత అంతయు చెడెను. మనలో కొందరు దుఃఖించువారి యింట అడుగు పెట్టినది మొదలు ఉపదేశింతురు. కొందరు, ఏ పాపమువలన ఈ కీడు వచ్చెనో యని విచారింతురు. అట్టి విచారణ మన పని కాదు.

చావు దినమున ఊరంతయు వచ్చును. సమాధి కార్యక్రమమున కుర్చీలు చాలవు. మూడవ నెలలో ఆ విధవరాలి గడప త్రొక్కువారెవరు? పింఛను కాగితము వ్రాయించుటకు ఆమెకు తోడు కావలెను, అప్పులవాడు వచ్చిన దినమున ప్రక్కన ఒకరు నిలువవలెను. బిడ్డలు హైదరాబాదులోను, బెంగుళూరులోను పనులు చేసికొనుచుండగా ముసలి తలిదండ్రులు ఒంటరిగా నున్న యిండ్లు ఇప్పుడు ప్రతి పల్లెలోను కలవు. ఉదయమున ఫోనులో వాక్యము పంపుట మంచిదే గాని, ఫోను కన్నులకు మందుచుక్కలు వేయదు. జ్వరముతో నున్నవానిని ముందు ఆసుపత్రికి చేర్చి, ప్రార్థన దారిలో చేయవచ్చును. త్రాగుడుకు లోనైనవాని యింటికి వెళ్ళినప్పుడు వాని భార్య చెప్పిన మాటలు బావి యొద్దను, బడ్డీ కొట్టు యొద్దను వినబడకూడదు. ఒక్క రహస్యము బయటపడినయెడల, ఆ యింటి తలుపు మనకే కాక మన ప్రభువు మాటకును మూయబడును.

పౌలు థెస్సలొనీకయులకు వ్రాయుచు, తల్లి తన బిడ్డలను పోషించినట్లు వారిమధ్య ఉంటిననియు, సువార్తను మాత్రమే కాక తన ప్రాణమునుకూడ వారికిచ్చుటకు ఇష్టపడితిననియు చెప్పెను (2:7–8). వారికి భారముగా నుండకుండుటకై రాత్రింబగళ్ళు చేతులతో పని చేసెను. అతడు ఎట్టివాడో వారికి తెలియును. మనము ఎట్టివారమో మన పొరుగువారికిని తెలియును. తూకములో మోసము, చేను గట్టు జరుపుట, కూలి బాకీపెట్టుట, ఇవన్నియు వారు మనలను చదువుచున్న పత్రికలే. మన నిరీక్షణను గూర్చి వారు అడిగినప్పుడు సాత్వికముతో ఉత్తరమియ్యవలెనని పేతురు చెప్పెను (1 పేతురు 3:15). వారి దేవతలను దూషించుమని అతడు చెప్పలేదు.

ఈ మాసము గృహకూటములలో పై మూడు భాగములను వారమునకు ఒకటి చొప్పున చదువుడి. పెద్దలు తమ తమ పేటలో ఆరు నెలలుగా ఎవరును వెళ్ళని యిండ్ల పేర్లు వ్రాసికొని, ఇద్దరిద్దరుగా వెళ్ళుడి. స్త్రీలు ఒంటరిగానున్న యిండ్లకు స్త్రీల సమాజమువారు వెళ్ళవలెను. చీకటి పడిన తరువాతనే బయలుదేరుడి. కూలికి పోవువారి యింటికి పగలు వెళ్ళినయెడల తలుపున తాళము మాత్రమే కనబడును.