మౌస్ మొరాయిస్తే...

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంపాదక వర్గం తమ్ముళ్ళు అడిగినప్పుడు వ్యక్తిత్వ వికాసం గురించి రాద్దామనుకున్నాను. అవి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. నాకు చేతనైన చిన్న విషయం చెబుతాను. లినక్స్ కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడు మౌస్ పనిచేయకపోతే ఏం చేయాలి? విషయం చిన్నదే గాని, అది తెలియక నేను ఒక స్నేహితుడికి నష్టం చేశాను.

2004లో నేను డిగ్రీ రెండో సంవత్సరం. ఎవరో దాత ఇచ్చిన పాత కంప్యూటరు ఒకటి స్టడీ హాలు పక్క గదిలో ఉండేది. లైసెన్సు డబ్బులు కట్టనక్కరలేదని అందులో లినక్స్ వేశారు. ఒక రాత్రి ఉపకార వేతనాల దరఖాస్తులతో పంపాల్సిన జాబితా టైపు చేసే పని నాకు అప్పజెప్పారు. 87 మంది పేర్లు, తండ్రుల పేర్లు, కులధ్రువీకరణ పత్రాల నంబర్లు. తెల్లవారి పదింటికల్లా ఆఫీసులో ఇవ్వాలి. 71వ పేరు దగ్గర స్క్రీన్ మీద బాణం ఆగిపోయింది. ఎంత తిప్పినా కదల్లేదు. చూస్తున్న సీనియరు అన్న ఒకాయన "హ్యాంగయిందిరా" అని గోడ దగ్గర స్విచ్ కట్టేశాడు. నేను అప్పటిదాకా ఒక్కసారి కూడా సేవ్ చేయలేదు.

మళ్ళీ మొదటి నుంచి కొట్టాను. ఇద్దరు మిత్రులు కాగితాలు చదువుతుంటే తెల్లవారుజాము నాలుగింటికి పూర్తయింది. ఆ నిద్రమత్తులో ఒకడి పత్రం నంబరు ఇంకొకడి పేరు ఎదురుగా పడింది. వాడి దరఖాస్తు వెనక్కి వచ్చింది. డబ్బు మంజూరయ్యేసరికి పరీక్ష ఫీజు గడువు దాటిపోయింది, వాళ్ళ నాన్న వడ్డీకి అప్పు తెచ్చి ఫీజు కట్టాడు. వాడు నన్ను ఒక్క మాట కూడా అనలేదు.

తర్వాత తెలిసిందేమిటంటే ఆ రాత్రి కంప్యూటరుకు ఏ జబ్బూ లేదు. అది గోళీ మౌస్. కింద మూత తిప్పి బంతి తీస్తే లోపల చిన్న రోలర్లు ఉంటాయి. వాటికి దుమ్ము, వెంట్రుకలు వత్తిలాగా చుట్టుకొని బిగుసుకుపోయాయి. గోటితో గీకితే పోయేది. కీబోర్డు నిక్షేపంగా పనిచేస్తోంది. కంట్రోల్, ఎస్ కలిపి నొక్కి, ఒక పేరు కొట్టి, ఎంటర్ నొక్కి ఉంటే 71 పేర్లూ భద్రంగా ఉండేవి.

అందుకే బాణం ఆగిపోగానే మొదట వేసుకోవలసిన ప్రశ్న: ఆగింది మౌసా, మిషనా? కీబోర్డు మీద నమ్‌లాక్ నొక్కండి. దీపం వెలిగి ఆరుతుంటే మిషన్ బతికే ఉంది. వెంటనే కంట్రోల్-ఎస్ నొక్కి సేవ్ చేసుకోండి. మిగతా వైద్యమంతా ఆ తర్వాతే. ఆల్ట్-ట్యాబ్‌తో ఒక కిటికీ నుంచి ఇంకొక కిటికీకి పోవచ్చు. ఆల్ట్-ఎఫ్4తో మూయవచ్చు. ఉబుంటులో కంట్రోల్-ఆల్ట్-టి నొక్కితే టెర్మినల్ వస్తుంది.

దీపం కూడా పలకకపోతే అప్పుడైనా స్విచ్ జోలికి పోకండి. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మూడూ కలిపి నొక్కండి. చాలాసార్లు బొమ్మల తెర మాత్రమే బిగుసుకుపోయి, వెనక లినక్స్ మామూలుగానే నడుస్తుంటుంది. నల్లటి తెర మీద లాగిన్ అడిగితే మీ అదృష్టం. అక్కడ లాగినై, మొండికేసిన ప్రోగ్రామును ఆపి, కంట్రోల్-ఆల్ట్-ఎఫ్2 లేదా ఎఫ్1తో తిరిగి రావచ్చు. పాత లినక్స్‌లలో ఎఫ్7. అదీ రాకపోతే చివరి అస్త్రం ఒకటుంది. ఆల్ట్, ప్రింట్‌స్క్రీన్ మీటలు పట్టుకొని రెండు మూడు సెకన్ల తేడాతో ఎస్, యు, బి అక్షరాలు వరుసగా నొక్కాలి. ఎస్ అంటే జ్ఞాపకంలో మిగిలిన రాతను డిస్కులోకి దించమని, యు అంటే డిస్కును ఇక చదవడానికి మాత్రమే ఉంచమని, బి అంటే తిరిగి మొదలవమని. ఉబుంటు ఈ మూడింటికీ ముందే అనుమతి ఇచ్చి ఉంచుతుంది. దీనివల్ల డిస్కు పాడవకుండా ఉంటుందే గాని, మీరు సేవ్ చేయని పాఠం మాత్రం తిరిగి రాదు.

ఇక మౌస్ సంగతి. మా రోజుల్లో ఇంటి నుంచి మనియార్డరు రాకపోతే ఏం చేసేవాళ్ళం? నాన్న కట్టాడా, ఊరి పోస్టాఫీసు నుంచి కదిలిందా, ఇక్కడి పోస్టాఫీసుకు చేరిందా, పోస్టుమాన్ దగ్గర ఉందా అని ఒక్కొక్క చోట వాకబు చేసేవాళ్ళం. మౌస్ కూడా అంతే. మీ చేతి కదలిక మౌస్‌లో పుట్టి, వైరు ద్వారా పోర్టుకు చేరి, అక్కడ లినక్స్ కెర్నెల్ చేతిలో పడి, డెస్క్‌టాప్ దాకా వచ్చి, బాణమై కదులుతుంది. ఎక్కడ ఆగిందో కనిపెడితే సగం పని అయినట్టే. కనిపెట్టకుండా సెట్టింగులన్నీ కెలికేవాళ్ళే ఎక్కువ.

మొదట మౌస్‌ను తిరగేసి చూడండి. మొట్టమొదటి మౌస్‌ను 1964లో అమెరికాలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ బృందం చేసినప్పుడు అది కింద రెండు చక్రాలున్న చెక్క డబ్బా. బంతి తర్వాత వచ్చింది, ఇప్పుడు బంతి కూడా పోయింది. ఇప్పటి మౌస్ కింద ఒక దీపం, దాని పక్కన చిన్న కెమెరా కన్ను ఉంటాయి. అది బల్ల ఉపరితలాన్ని సెకనుకు వేలసార్లు ఫొటో తీసి, ఒకదానికీ మరొకదానికీ తేడా చూసి ఎటు జరిగిందో లెక్కకడుతుంది. అద్దం మీద, నున్నటి గ్రానైట్ మీద ఆ కంటికి గుర్తుపట్టే గీత ఏదీ దొరకదు, బాణం ఎగురుతుంది లేదా నిలబడిపోతుంది. కింద నోట్‌బుక్ పేజీ పెట్టి చూడండి. కంట్లో వెంట్రుక పడితే బాణం వణుకుతుంది, ఉఫ్ అని ఊదితే చాలు. వైర్‌లెస్ మౌస్ అయితే అడుగున స్విచ్, లోపల సెల్లు చూసుకోవాలి. వైరున్నదయితే మౌస్ మెడ దగ్గర వైరు వంచి చూడండి. నేను చూసిన తెగిన వైర్లలో ఎక్కువ భాగం అక్కడే తెగాయి.

రెండోది పోర్టు. యుఎస్‌బి మౌస్‌ను తీసి ఇంకొక పోర్టులో పెట్టండి, వీలైతే సీపీయూ డబ్బా వెనకవైపు. గుండ్రటి ఆకుపచ్చ పిన్నున్న పాత మౌస్ అయితే నడుస్తుండగా పీకి పెట్టకూడదు. మిషన్ ఆపి, పిన్ను పెట్టి, మళ్ళీ వేయాలి. అది ఆ రకానికి ఉన్న పరిమితి.

ఇప్పుడు టెర్మినల్ తెరవండి. ఎల్, ఎస్, యు, ఎస్, బి అనే ఐదు చిన్న అక్షరాలు ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కితే, యుఎస్‌బికి తగిలించిన వస్తువుల జాబితా వస్తుంది. మౌస్ ఉన్నప్పుడు ఒకసారి, తీసేసి ఒకసారి కొట్టండి. రెండు జాబితాలకూ తేడా లేకపోతే కెర్నెల్‌కు అసలు మౌస్ అందలేదన్నమాట. తప్పు వైరుదో, పోర్టుదో, మౌస్‌దో. డెస్క్‌టాప్ సెట్టింగులు ఎంత మార్చినా దండగ.

ఇంకా లోతుగా చూడాలంటే 'సుడో' తర్వాత ఖాళీ వదిలి డి, ఎం, ఇ, ఎస్, జి, మళ్ళీ ఖాళీ వదిలి హైఫన్, డబ్ల్యు కొట్టండి. కెర్నెల్ దినచర్య తెర మీద పారుతుంది. మౌస్ పీకండి, 'డిస్‌కనెక్ట్' అని వస్తుంది. పెట్టండి, కొత్త వస్తువు వచ్చిందని రాస్తుంది. అలా కాక 'ఎర్రర్ మైనస్ 71' లేదా 'మైనస్ 110' అని పదేపదే వస్తుంటే, పలకరించినా సరైన జవాబు రావడం లేదని దాని అర్థం. చాలావరకు అది చెడిన వైరు, వదులైన పోర్టు, చాలని కరెంటు. ఆపాలంటే కంట్రోల్-సి.

కెర్నెల్‌కు మౌస్ కనిపిస్తున్నా బాణం కదలకపోతే మూడో మజిలీకి రండి. ఇప్పటి డెస్క్‌టాప్‌లలో ఎక్కువ భాగం మౌస్ కదలికలను 'లిబ్‌ఇన్‌పుట్' అనే భాగం ద్వారా అందుకుంటాయి. దాని పరీక్షా సాధనాలు ఉబుంటు, డెబియన్‌లలో 'లిబ్‌ఇన్‌పుట్-టూల్స్' పేరుతో విడిగా దొరుకుతాయి. నెట్ ఉన్న రోజే వేసి పెట్టుకోండి. 'సుడో', 'లిబ్‌ఇన్‌పుట్', 'డీబగ్-ఈవెంట్స్' అనే మూడు మాటలు ఖాళీలతో కొట్టి మౌస్ కదిపితే ప్రతి కదలికకూ ఒక వరుస రావాలి, ప్రతి క్లిక్కుకూ నొక్కినట్టు, వదిలినట్టు రెండు వరుసలు రావాలి. ఒక్కసారి నొక్కితే రెండుసార్లు నొక్కినట్టు వస్తుంటే మౌస్ లోపలి చిన్న స్విచ్ అరిగిపోయింది. దానికి మందు కొత్త మౌసే.

ఇక్కడ ఒక తికమక. పాత పుస్తకాల్లో 'ఎక్స్‌ఇన్‌పుట్' అనే ఆదేశం వాడమని ఉంటుంది. అది ఎక్స్ అనే పాత తెర వ్యవస్థకు సరిపోతుంది. ఇప్పటి చాలా లినక్స్‌లు వేలాండ్ మీద నడుస్తాయి. అక్కడ అది మీ అసలు మౌస్‌ను కాక ఏవో ఉత్తుత్తి పేర్లను చూపిస్తుంది. మౌస్ కనబడలేదని కంగారు పడకండి.

వరుసలు సరిగ్గానే వస్తూ బాణం కదలకపోతే తప్పు డెస్క్‌టాప్‌ది. ఒకసారి లాగౌటై రండి. అప్పటికీ కాకపోతే కొత్త యూజరుతో లాగినై చూడండి. అక్కడ పనిచేస్తే మీ సెట్టింగులలోనే తేడా ఉంది. ఎడమ బటన్, కుడి బటన్ తారుమారైతే ఎవరో ఎడమచేతి వాటం తమ్ముడు మార్చి, తిరిగి మార్చడం మరచిపోయి ఉంటాడు. ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ ఒక్కటే పోతే ముందు ఎఫ్ఎన్ మీటతో పొరపాటున ఆపారేమో చూడండి.

కొన్ని అసలు జబ్బులే కావు. టైపు చేస్తుంటే ఎక్కడిదో వాక్యం వచ్చి మధ్యలో పడిందని ఒక తమ్ముడు వైరస్ అనుకున్నాడు. లినక్స్‌లో అక్షరాలను ఎంపిక చేసి, వేరేచోట మధ్య బటన్, అంటే చక్రాన్నే, నొక్కితే అవి అక్కడ అతుక్కుంటాయి. అలవాటైతే అంత సుఖం ఇంకోటి లేదు. వైర్‌లెస్ మౌస్ కాసేపు వదిలేస్తే నిద్రపోయి క్లిక్ చేస్తే గాని లేవకపోవడం విద్యుత్ పొదుపు వల్ల. అది తడబడుతూ నడుస్తుంటే దాని బుడిపెను నీలి రంగు యుఎస్‌బి 3 పోర్టుల నుంచి దూరంగా పెట్టండి. ఆ పోర్టులో పెన్‌డ్రైవ్ జోరుగా నడిచేటప్పుడు పుట్టే రేడియో రొద, మౌస్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలకు అడ్డుపడుతుంది.

చేతిలో వేరే మౌస్ లేకపోతే సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద 'మౌస్ కీస్' ఆన్ చేయండి. కీబోర్డు కుడివైపు అంకెలతో బాణం నడుస్తుంది. 8 పైకి, 2 కిందికి, 4 ఎడమకు, 6 కుడికి. 5 నొక్కితే క్లిక్. నత్తనడకే గాని దరఖాస్తు పూర్తి చేయడానికి సరిపోతుంది.

2024లో వార్షికోత్సవానికి వచ్చినప్పుడు మన హాస్టల్లో మూడు కంప్యూటర్లు చూసి సంతోషించాను. కానీ మూడోదాని మీద 'చెడిపోయింది' అని కాగితం అంటించి ఉంది. ఎన్నాళ్ళయిందని అడిగితే దసరా సెలవుల ముందు నుంచి అన్నారు. ఎప్‌సెట్ మాక్ టెస్టులు రాసుకోవడానికి పిల్లలు మిగతా రెండింటి దగ్గర వంతులు వేసుకుంటున్నారు. చివరి వంతు వాడికి రాత్రి పదకొండు దాటుతోందట.

కూర్చుని ఆ ఐదు అక్షరాలూ కొట్టించాను. జాబితాలో మౌస్ లేదు. డబ్బా ముందువైపు పోర్టు నుంచి పీకి వెనక పెట్టించాను. జాబితాలోకి వచ్చింది, బాణం కదిలింది. మూత విప్పి చూస్తే ముందు పోర్టు వైరు లోపల బోర్డు నుంచి ఊడి వేలాడుతోంది. దాన్ని మళ్ళీ గుచ్చడానికి నా దగ్గర టార్చి కూడా లేదు. ఆ పోర్టు మీద ప్లాస్టరు ముక్క అంటించి, 'చెడిపోయింది' కాగితాన్ని తీసి, దాని వెనకవైపు ఆ రెండు ఆదేశాలూ స్కెచ్ పెన్నుతో రాసి గోడకు అతికించి వచ్చాను. ఆ రాత్రి మూడో కంప్యూటరు దగ్గర మొదట కూర్చున్నది చివరి వంతు కుర్రాడే.