ఒంటేలులో మంట – షుగరు ఉన్న ఆడవాళ్ళ సంగతి

పోయిన దసరా సెలవుల్లో మా పెద్దమ్మకి ఒంటేలుకి వెళ్తే మంట మొదలైంది. ఇంట్లో అందరూ "వేడి చేసింది" అన్నారు. చక్కెర కలిపి నిమ్మకాయ నీళ్ళు ఇచ్చారు. ఆమెకి ఆరేళ్ళుగా షుగరు! ఎవరో ఇచ్చిన మాత్రలు రెండు వేసుకుంది, మంట తగ్గిందని ఆపేసింది. నాలుగో రోజు చలి, జ్వరం. మన ఏజెన్సీలో చలిజ్వరం అంటే ముందు మలేరియానే అనుకుంటాం కదా. రక్తపరీక్షలో మలేరియా లేదని వచ్చింది. ఆ పరీక్ష చేయించడం మంచిదే, అక్కడితో ఆగిపోవడమే తప్పయింది. నడుముకి ఒక పక్క నొప్పి, వాంతులు వచ్చాక పెద్దాసుపత్రికి తీసుకుపోతే, క్రిములు మూత్రపిండం దాకా పోయాయన్నారు. పది రోజులకి ఇంటికొచ్చింది. అక్కడి నర్సమ్మ చెప్పినవి, మా సైన్సు టీచరుగారు సరిచూసినవి రాస్తున్నాను.

ఆడవాళ్ళకి ప్రసేకం (మూత్రం బయటికొచ్చే గొట్టం) సుమారు 4 సెం.మీ. మాత్రమే. పేగుల్లో ఉండే ఇ.కోలై అనే బాక్టీరియా సులువుగా మూత్రాశయంలోకి పోతుంది. షుగరు ఎక్కువగా ఉంటే క్రిములతో పోరాడే తెల్లరక్తకణాలు సరిగా పనిచేయవు. చాలా ఏళ్ళ షుగరు మూత్రాశయం నరాలను కూడా దెబ్బతీస్తుంది. అప్పుడు నిండినట్టు తెలియదు, పూర్తిగా ఖాళీ కాదు. నిలవ నీళ్ళకి నాచు పట్టినట్టే, నిలిచిన మూత్రంలో క్రిములు పెరుగుతాయి.

వైద్యం ఎలాగంటే, మొదటి మాత్ర వేసుకోకముందే మూత్రం కల్చర్ పరీక్షకి ఇవ్వాలి. ఏ మందుకి ఆ క్రిమి చస్తుందో రెండు మూడు రోజుల్లో తెలుస్తుంది. ఈలోగా డాక్టరు ఒక మందు మొదలుపెడతారు, అవసరమైతే మారుస్తారు. మూత్రాశయం వరకే అయితే నైట్రోఫ్యురాంటోయిన్ లాంటి మాత్రలు, మామూలుగా 5 రోజులు. మూత్రపిండాలు బలహీనపడ్డవాళ్ళకి అది పనికిరాదు, అందుకే రక్తంలో క్రియాటినిన్ కూడా చూస్తారు. మంట రెండో రోజే తగ్గినా మాత్రలు ఆపకూడదు. షుగరు కూడా అదుపులోకి తేవాలి. జ్వరం, వణుకు, నడుము పక్క నొప్పి, వాంతులు ఉంటే మాత్రం ఇంట్లో ఉండకూడదు, ఆ రోజే ఆసుపత్రి.

నాకు వింతగా తోచింది ఒకటుంది. ఏ బాధా లేకుండా పరీక్షలో మాత్రమే క్రిములు కనిపిస్తే మందు వద్దట! 2002లో కెనడా పరిశోధకులు షుగరున్న ఆడవాళ్ళలో చూస్తే, అలా మందు వాడినా తర్వాత వచ్చే జబ్బులు తగ్గలేదు. గర్భిణీలకి మాత్రం బాధ లేకపోయినా మందు ఇస్తారు.

ఇంక మన సంగతి. రాత్రిపూట చీకటికి భయపడి మనలో చాలామంది నీళ్ళు తాగడం మానేసి, తెల్లారేదాకా ఆపుకుంటున్నాం. షుగరు లేనివాళ్ళకి కూడా ఇది మంచిది కాదు. వార్డెన్ మేడంగారూ, బాత్‌రూముల దారిలో ఒక బల్బు వేయించమని మనవి.

సంక్రాంతికి ఇళ్ళకి పోయినప్పుడు షుగరున్న అమ్మమ్మల్ని, పిన్నుల్ని మీరే అడగండి. సిగ్గుపడి వాళ్ళంతట వాళ్ళు చెప్పరు. మా పెద్దమ్మ కూడా నాలుగు రోజుల తర్వాతే మా అమ్మకి చెప్పింది, అదీ చెవిలో.

– 9వ తరగతి విద్యార్థిని